మంచుబండి, మనిషి వెన్ను

మా పక్కింటి పెద్దాయన కుర్చీలోంచి ఒక్కసారిగా లేవడు. ముందు రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆనిస్తాడు. ఒక క్షణం ఆగుతాడు. ఆ తరువాత, నూతిలోంచి బొక్కెన తోడినట్లు, తనను తాను మెల్లగా పైకి తీసుకుంటాడు. మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరభాగంలో పుట్టి పెరిగిన మనిషి. "ఈ నడుం నొప్పి వయసు వల్ల వచ్చింది కాదు, కుర్రతనంలో ఎక్కిన మంచుబండి వల్ల వచ్చింది" అంటాడు. పెద్దవాళ్ళు గతాన్ని కొంచెం పెంచి చెబుతారు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఒకనాడు తన షెడ్డులోకి తీసుకువెళ్ళి, గోనెపట్టా కింద నుంచి 1970 ప్రాంతపు బండి నొకదానిని బయటపెట్టాడు. ముందు స్కీల మీద కమాను పట్టీలు, వెనుక ట్రాకు లోపల వరుసగా చిన్న చక్రాలు, ఆ చక్రాలకు కొన్ని చుట్టల స్ప్రింగులు, సీటులో కాస్త స్పాంజి. అంతే. "మరి షాకబ్జార్బరు ఎక్కడ?" అని అడిగాను. ఆయన నవ్వి తన నడుము మీద తట్టి చూపించాడు.

ఆ సమాధానం నన్ను చాలాకాలం వెంటాడింది. యంత్రాల చరిత్రను మనం సాధారణంగా వేగం లెక్కల్లో, గుర్రపుబలాల లెక్కల్లో చదువుకుంటాం. ఈ బండి చరిత్రను మరొక ప్రశ్నతో చదవవచ్చునని ఆనాడు తోచింది. నేల కొట్టిన దెబ్బ చివరికి ఎక్కడికి పోయింది?

మంచు చూడని మిత్రుల కోసం రెండు మాటలు. స్నోమొబైల్ అంటే ముందు రెండు స్కీలు, వెనుక యుద్ధట్యాంకు గొలుసుపట్టాను పోలిన ఒక వెడల్పాటి రబ్బరు ట్రాకు, మధ్యలో ఇంజను, పైన గుర్రం మీద కూర్చున్నట్లు కూర్చునే మనిషి. మంచు అంటే దూదిపరుపు అన్న భ్రమ మనకు సినిమాలు కలిగించింది. కొత్తగా కురిసిన మంచు దూదే. కానీ ఒకే బాట మీద వందల బండ్లు నడిచిన తరువాత అది గతుకులు గతుకులుగా, ఉతుకుడుబల్ల లాగా తయారవుతుంది. రాత్రి చలికి గడ్డకట్టి తెల్లారేసరికి రాయి అవుతుంది. ఎండాకాలంలో ఎండిన చెరువుగట్టు మీద, బండ్లజాడల్లో ఎద్దుబండి తోలినవాడికి ఆ బాధ సులభంగా అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ బండి గంటకు యాభై అరవై మైళ్ళ వేగంతో పోతుంది.

*

ఈ యంత్రపు పుట్టుకలో ఒక శోకం ఉన్నది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో వాల్కూర్ అనే ఊరు. అక్కడ 1907లో జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే పుట్టాడు. పదిహేనేళ్ళ వయసులో, 1922 డిసెంబరు 31న, ఫోర్డు కారు ఇంజను ఒకదానిని చెక్క స్లెడ్జికి బిగించి, వెనుక విమానపు పంఖా వంటిది తగిలించి, తమ్ముడితో కలిసి ఊరివీధిలో నడిపాడు. తిరిగే పంఖాను చూసి హడలిపోయిన తండ్రి దానిని వెంటనే విప్పేయమన్నాడు. విప్పాడు గాని ఆలోచన వదలలేదు. పెద్దవాడై గరాజు పెట్టుకుని, మంచులో నడిచే బండ్ల మీద ప్రయోగాలు సాగించాడు.

1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుకు ఇవోన్‌కు కడుపులో అపెండిక్సు చెడింది. ఆసుపత్రి షెర్‌బ్రూక్‌లో ఉన్నది. దారులన్నీ మంచులో కూరుకుపోయి ఉన్నాయి. గరాజులో ఉన్న ప్రయోగపు బండి ఏదీ ప్రయాణానికి సిద్ధంగా లేదు. పిల్లవాడు దక్కలేదు. మరుసటి ఏడు, 1935లో, రబ్బరు పొదిగిన పళ్ళచక్రంతో ట్రాకును తిప్పే పద్ధతిని ఆ తండ్రి సాధించాడు. 1937లో దానికి పేటెంటు వచ్చింది. ఆ పద్ధతి మీద కట్టిన మొదటి బండి పేరు బి7. ఏడుగురు కూర్చునే గది ఉన్న పెద్ద బండి. తరువాత పన్నెండుగురు పట్టే బి12 వచ్చింది. వైద్యులు, తపాలావారు, బడిపిల్లలు వాటిలో ప్రయాణం చేశారు. ఈ యంత్రం మొదటి ఉద్దేశం రోగిని ఆసుపత్రికి చేర్చడమేనని గుర్తుపెట్టుకోవాలి. తరువాతి కథ అంతా ఆ ఉద్దేశానికి దూరంగా జరిగి, మళ్ళీ దగ్గరకు రావడమే.

1948లో క్విబెక్ ప్రభుత్వం పల్లెదారుల మీది మంచును తొలగించే పని చేపట్టింది. దానితో పెద్దబండ్ల అవసరం తగ్గింది. బొంబార్డియే చిన్నబండి వైపు చూశాడు. ఆయన కుమారుడు జెర్మేన్ రూపొందించిన అతుకులేని రబ్బరు ట్రాకు, తేలికపాటి ఇంజను తోడై 1959లో స్కీ-డూ అంగడిలోకి వచ్చింది. దక్షిణాన, అమెరికా సరిహద్దు దగ్గర, మిన్నెసోటాలోని రోజో అనే ఊళ్ళో హెట్టీన్ సోదరులు, డేవిడ్ జాన్సన్ నడిపిన పొలారిస్ కార్ఖానాలోనూ 1956 ప్రాంతంలో ఇటువంటి బండి తయారయింది. ధాన్యాన్ని పైకి చేరవేసే యంత్రపు భాగాలతో ట్రాకు, పాత షెవర్లే కారు బంపరుతో స్కీలు. ఉన్నదానితో ఊడిగం చేయించుకునే రైతుబుద్ధి మన దగ్గరే కాదు, అక్కడా ఉన్నది. 1960లో ఎడ్గర్ హెట్టీన్ ఇటువంటి బండ్ల మీదనే అలాస్కాలో బెథెల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ దాకా వెయ్యి మైళ్ళకు పైగా ప్రయాణించి, ఇది ఆటబొమ్మ కాదని చూపించాడు. 1968లో రాల్ఫ్ ప్లేస్టెడ్ బృందం స్కీ-డూలతో ఉత్తరధ్రువం చేరింది.

ఆ తొలినాటి బండ్లలో మనిషికీ నేలకూ మధ్య ఉన్న ఏర్పాటు మా పెద్దాయన షెడ్డులో చూసినదే. ట్రాకు లోపల చిన్న చక్రాల గుంపులు, వాటిని కిందికి నెట్టి ఉంచే స్ప్రింగులు. ఈ చక్రాల గుంపును బోగీ అంటారు. ముందు స్కీలకు కమాను పట్టీలు. మన లారీల కింద కనిపించే కమాను కట్టలకు ఇవి తమ్ముళ్ళు. చక్రాలు పైకీ కిందికీ కదిలే నిడివి కొద్ది అంగుళాలే. బండి నెమ్మదిగా పోయేంతకాలం ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. నడిపేవాడు లేచి నిలబడి మోకాళ్ళు వంచితే గతుకులు దాటేవి.

వచ్చిన చిక్కు వేగంతో. 1971 నాటికి ఉత్తర అమెరికాలో ఏడాదికి సుమారు అయిదు లక్షల స్నోమొబైళ్ళు అమ్ముడుపోయాయి. వందకు పైగా కంపెనీలు పుట్టుకొచ్చాయి. అందరూ ఇంజను బలం పెంచే పోటీలో పడ్డారు. వేగం రెండింతలైతే బండి మోసే గతిశక్తి నాలుగింతలవుతుంది. ఇంజను గదిలో జరిగిన ఈ విప్లవాన్ని కింద ఉన్న చిన్న చక్రాలు అందుకోలేకపోయాయి. ఆ మిగులు దెబ్బ ఎక్కడికో పోవాలి కదా! సీటు మీదికి, సీటు మీది నుంచి వెన్నుపూసల మీదికి పోయింది. 1970ల ఆరంభానికే స్నోమొబైలు వెన్నెముక గాయాల మీద శాస్త్రీయ పత్రాలు వెలువడ్డాయి. బండి గాలిలోకి లేచి దిగినప్పుడు, కూర్చున్న మనిషి నడుం దగ్గరి పూసలు నిలువుగా నలిగేవి. రోగిని మోయడానికి పుట్టిన బండి రోగులను తయారుచేసింది.

*

ఇక్కడ కొంచెం ఆగి, స్ప్రింగు చేసే పనికీ షాకబ్జార్బరు చేసే పనికీ తేడా చెప్పుకోవాలి. ఈ తేడా తెలియకనే నేను నా మొదటి చలికాలాన్ని పాడుచేసుకున్నాను.

స్ప్రింగు ధర్మాన్ని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ కనిపెట్టాడు. 1676లో దానిని ఒక లాటిన్ వాక్యపు అక్షరాలను కలగలిపి గూఢంగా ప్రకటించి, 1678లో విప్పి చెప్పాడు. సారాంశం ఇది. స్ప్రింగు ఎంత దూరం నొక్కుకుంటే అంత నిష్పత్తిలో ఎదురు తోస్తుంది. అంగుళం నొక్కడానికి 100 పౌన్ల బరువు కావాలంటే రెండంగుళాలకు 200 కావాలి. స్ప్రింగు చాలా నిజాయితీగల అప్పుదారు. తీసుకున్న శక్తిని దాదాపు పూర్తిగా తిరిగి ఇచ్చేస్తుంది. చిక్కంతా అక్కడే. గతుకు మీద బండి నొక్కుకున్నప్పుడు తీసుకున్న శక్తిని, గతుకు దాటగానే బండి మీదికే విసురుతుంది. బండి ఎగురుతుంది, పడుతుంది, మళ్ళీ ఎగురుతుంది. ఒక్క గతుకు అయితే పరవాలేదు. వరుసగా నలభై గతుకులు వస్తే, ఈ ఎగురుడుకూ ఆ గతుకులకూ తాళం కలిసిన క్షణాన, నడిపేవాడు సీటు మీద ఉండడు.

షాకబ్జార్బరు శక్తిని దాచుకోదు, ఖర్చు పెట్టేస్తుంది. గొట్టం నిండా నూనె, అందులో సన్నని రంధ్రాలూ రేకుబిళ్ళలూ ఉన్న పిస్టను. పిస్టను కదలాలంటే నూనె ఆ సందుల్లోంచి దూరాలి. దూరడానికి తగిన శ్రమ వేడిగా మారుతుంది. ఆ వేడి గొట్టం గోడల గుండా చలిగాలిలో కలుస్తుంది. దానికి బరువు మోసే శక్తి లేదు. మెల్లగా నొక్కితే లొంగిపోతుంది. వేగంగా నొక్కితే ఎదురుతిరుగుతుంది. స్ప్రింగు దూరాన్ని చూస్తుంది, షాకు వేగాన్ని చూస్తుంది. బరువు మోయడం స్ప్రింగు వంతు, కదలికను అదుపు చేయడం షాకు వంతు. ఒకదాని పని మరొకదానికి అప్పగిస్తే రెండూ చెడతాయి.

1970ల తయారీదారులలో చాలామంది చేసింది అదే. బండి అడుగు తగులుతోందని ఫిర్యాదు వస్తే మరింత గట్టి స్ప్రింగు వేశారు. గట్టి స్ప్రింగు మరింత గట్టిగా తిరిగి కొట్టింది.

*

మార్పు మెట్లు మెట్లుగా వచ్చింది. మొదటి మెట్టు బోగీ చక్రాలను తీసివేయడం. వాటి స్థానంలో ట్రాకు లోపల రెండు పొడవైన పట్టాలు పెట్టి, ట్రాకును వాటి మీద జార్చారు. ఈ మార్గంలో ముందు నడిచినవారిలో మిన్నెసోటాలోని థీఫ్ రివర్ ఫాల్స్‌కు చెందిన ఆర్కటిక్ క్యాట్ ఒకటి. పొలారిస్ నుంచి విడివడిన ఎడ్గర్ హెట్టీనే దాని స్థాపకుడు. పట్టాల అడుగున ప్లాస్టిక్ బద్దీలు ఉంటాయి. వాటిని చల్లబరిచేదీ, జారుడు ఇచ్చేదీ మంచే. మంచులేని నేల మీద కొంతదూరం నడిపితే ఆ బద్దీలు కరిగిపోతాయి! పట్టాల రెండు చివరలా చేతులు అమర్చి, వాటిని బండికి స్ప్రింగులతో, షాకులతో కలిపారు. దీనితో ట్రాకు మొత్తం ఒక్కటిగా పైకీ కిందికీ చాలా దూరం కదిలే వీలు చిక్కింది. దెబ్బను అంగుళంలో ఆపడం వేరు, పది అంగుళాలలో ఆపడం వేరు. క్రికెట్టు బంతిని చాచిన చేత్తో పట్టేవాడికీ, చేయి వెనక్కి లాగుతూ పట్టేవాడికీ ఉన్న తేడా ఇది.

రెండవ మెట్టు ముందుభాగంలో వచ్చింది. ఈ మార్పులకు పందేలు ప్రయోగశాలలయ్యాయి. తరువాత ఫార్ములా వన్‌లో పేరుపొందిన క్విబెక్ కుర్రవాడు జీల్ విల్‌నవ్ 1974లో విస్కాన్సిన్‌లోని ఈగిల్ రివర్ పందెంలో ప్రపంచ విజేత అయినది స్నోమొబైలు మీదనే. మంచుదుమ్ములో ఎదుటి బండి కనబడకుండా నూరుమైళ్ళ వేగానికి చేరే ఆ పందేలలో, స్కీ మంచును విడిచిపెట్టడమంటే మలుపు తప్పడమే. పొలారిస్ 1980లో టీఎక్స్-ఎల్ ఇండీ అనే బండిని అమ్మకానికి తెచ్చింది. కమాను పట్టీలు లేవు. ప్రతి స్కీకి విడిగా ఒక చేయి, ఒక చుట్టస్ప్రింగు, దాని నడుమ ఒక షాకు. ఎడమ స్కీ గతుకెక్కినా కుడి స్కీ తన దారిన తాను పోతుంది. కొన్నేళ్ళలో మిగతా కంపెనీలన్నీ ఆ బాట పట్టాయి.

మూడవ మెట్టు షాకు లోపల. ఎడతెగని గతుకుల మీద నూనె నురుగెత్తుతుంది. నురుగులో పిస్టను సులభంగా కదులుతుంది గనుక షాకు పనిచేయడం మానేస్తుంది. ఫ్రెంచి ఇంజనీరు ద కార్బాన్ ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో మోటారుకార్ల కోసం ప్రచారంలోకి తెచ్చిన ఉపాయం ఇక్కడ అక్కరకు వచ్చింది. నూనెను ఒక కదిలే బిళ్ళతో వేరుచేసి, అవతలివైపు నత్రజనిని ఒత్తిడితో నింపాలి. ఒత్తిడిలో ఉన్న నూనె నురుగెత్తదు. బయట చలి సున్నాకు ఎంత కిందనున్నా, గంటసేపు గతుకుల మీద నడిపిన షాకు చేతికి వెచ్చగా తగులుతుంది. మా పెద్దాయన నడుములోకి పోవలసిన దెబ్బ అది, వేడి అయి గాలిలోకి పోతున్నది.

నాలుగవ మెట్టు ఎక్కింది యంత్రం కాదు, మనిషి. అంతవరకు బండి నడిపేవాడు వెనుక కూర్చుని కాళ్ళు ముందుకు చాచేవాడు. బల్లఊయల చివర కూర్చున్నవాడికి ఊపు ఎక్కువ, మధ్యలో కూర్చున్నవాడికి తక్కువ. ఈ చిన్నపిల్లల జ్ఞానాన్ని స్కీ-డూ వారు 2003 మోడలుగా వచ్చిన రెవ్‌లో అమలుచేశారు. మనిషిని ముందుకు జరిపి, మోకాళ్ళు కిందికి వచ్చేలా, బండి బరువు మధ్యభాగానికి దగ్గరగా కూర్చోబెట్టారు. అవసరమైనప్పుడు చటుక్కున నిలబడవచ్చు. పాతవాళ్ళు మొదట నవ్వారు. ఆ తరువాత వచ్చిన బండ్లన్నీ అదే కూర్చోబాటును అనుసరించాయి.

*

ఇంత చరిత్ర నాకు తెలియని రోజులలో ఒక పాతబండి కొన్నాను. పెద్ద గతుకుల మీద అడుగు తగులుతున్నదనిపించింది. వెనుక స్ప్రింగుల కాళ్ళు ఆనే చోట మూడు ఎత్తులున్న దిమ్మ ఒకటి ఉంటుంది. దానిని అన్నిటికంటె గట్టి స్థానానికి తిప్పాను. స్ప్రింగు గట్టిపడిందని సంతోషించాను. ఆ సాయంత్రం పది మైళ్ళు వెళ్ళి వచ్చేసరికి నా నడుము మా పెద్దాయన నడుముకు తమ్ముడైంది.

ఆయన చేసిన మొదటి పని నన్ను మందలించడం కాదు, ఒక కాగితం మీద లెక్క వేయించడం. అంగుళానికి 100 పౌన్ల స్ప్రింగును ముందే ఒక అంగుళం బిగించి ఉంచితే ఏమవుతుంది? మొదటి 100 పౌన్ల దాకా అది కదలదు. 200కు ఒక అంగుళం, 300కు రెండు అంగుళాలు కదులుతుంది. అంటే అంగుళానికి ఇప్పటికీ 100 పౌన్లే. బిగించినంత మాత్రాన స్ప్రింగు స్వభావం మారదు. బండి నిలబడే ఎత్తు మారుతుంది, అంతే. నిజంగా గట్టి స్ప్రింగు కావాలంటే స్ప్రింగునే మార్చాలి. నా తప్పు వల్ల వెనుకభాగం లేచి నిలిచింది. బరువు స్కీల మీద పడి హ్యాండిలు బరువెక్కింది. చిన్న గతుకులకు స్ప్రింగు అసలు లొంగలేదు.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. ముందు బండితో వచ్చిన పుస్తకంలోని కొలతలకు అన్నిటినీ తిరిగి తీసుకురావాలి. తరువాత వెనుక బంపరును ఎత్తి, సస్పెన్షను పూర్తిగా సాగనిచ్చి, నేల నుంచి ఎత్తు కొలవాలి. ఆపైన మనిషి కోటు, బూట్లు, హెల్మెటుతో సహా కూర్చున్నాక మళ్ళీ కొలవాలి. మొత్తం కదలికలో నాలుగోవంతు నుంచి మూడోవంతు దాకా కుంగితే సరిగా ఉన్నట్లు. అసలు కుంగకపోతే, నేల పల్లమైనప్పుడు కిందికి సాగడానికి ట్రాకుకు నిడివి మిగలదు. మరీ కుంగితే పెద్దదెబ్బ ఆపడానికి చోటుండదు.

స్ప్రింగులు కుదిరాకనే షాకుల జోలికి పోవాలి. నొక్కుకునేటప్పటి నిరోధం ఎక్కువైతే ప్రతి గతుకూ చేతులకు తెలుస్తుంది, తక్కువైతే అడుగు తగులుతుంది. తిరిగి సాగేటప్పటి నిరోధం తక్కువైతే బండి వెనుకభాగం గాడిదలా తన్నుతుంది. ఎక్కువైతే మరొక వింత. ఒక గతుకుకు నొక్కుకున్న షాకు సాగేలోగా రెండోది, అది సాగేలోగా మూడోది వచ్చి, బండి క్రమంగా కుంగిపోయి రాయిలా బిగుసుకుంటుంది. అప్పుడు చాలామంది స్ప్రింగు మెత్తగా ఉందనుకుని బిగిస్తారు. అసలు దోషం షాకుది.

ట్రాకు ముందుచేతి దగ్గర గుడ్డపట్టీ ఒకటి ఉంటుంది. దానిని కురచ చేస్తే స్కీల మీద బరువు పెరిగి మలుపు బాగా తిరుగుతుంది. పొడవు చేస్తే వేగం అందుకునేటప్పుడు బరువు ట్రాకు మీదికి వాలి పట్టు పెరుగుతుంది. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. అదే బాట మీద నడిపి చూడాలి. నోటుపుస్తకంలో రాసుకోవాలి. నాలుగు మరలు ఒకేసారి తిప్పినవాడికి ఏ మర వల్ల మేలు జరిగిందో, ఏ మర వల్ల కీడు జరిగిందో ఎప్పటికీ తెలియదు. పెద్దచలిలో నూనె చిక్కబడి మొదటి కొన్ని నిమిషాలు షాకు బిగుసుగా ఉంటుంది గనుక, కాస్త వేడెక్కాకనే తీర్పు చెప్పాలి. నూనె కారిన షాకును ఎన్ని మరలు తిప్పినా ప్రయోజనం లేదు, విప్పించి బాగుచేయించాలి.

*

పోయిన చలికాలంలో ఆయన మనవరాలు మొదటిసారి సొంతంగా బండి నడపడానికి సిద్ధమైంది. పన్నెండేళ్ళు నిండిన పిల్ల. ఆ బండి అంతకుముందు ఆమె తండ్రిది. ఆయన నన్ను పిలిచి టేపు చేతికిచ్చాడు. తాను వంగలేడు కదా. పిల్ల హెల్మెటు పెట్టుకుని కూర్చున్నది. బంపరు కదలనైనా కదలలేదు. తండ్రి బరువుకు బిగించిన స్ప్రింగులు అవి. దిమ్మలను మెత్తని స్థానానికి తిప్పాను. కొలిచాను. చాలలేదు. ఆమె బరువుకు తగిన మెత్తని స్ప్రింగులు తెప్పించేదాకా బండి కదలడానికి వీల్లేదన్నాడు. పిల్ల బుంగమూతి పెట్టుకుని ఇంట్లోకి పోయింది. వారంరోజుల తరువాత స్ప్రింగులు వచ్చాయి. మళ్ళీ కూర్చోబెట్టాం, మళ్ళీ కొలిచాను. బంపరు ఈసారి కుంగవలసినంత కుంగింది.

కొడుకును ఆసుపత్రికి చేర్చలేకపోయిన వాల్కూర్ తండ్రి 1964లో కన్నుమూశాడు. తన యంత్రం మనుషుల వెన్నులు విరవడమూ ఆయన చూడలేదు, ఆ తప్పును దిద్దుకోవడమూ చూడలేదు. పిల్ల బాట మలుపు తిరిగి చెట్ల మధ్య కనుమరుగయ్యేదాకా పెద్దాయన షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాడు. తరువాత లోపలికి వచ్చి, కుర్చీ చేతులు పట్టుకుని, మెల్లగా కూర్చున్నాడు.